అత్త తెచ్చిన నూనె

మా ఆయన పౌలాసి, నేను ఒకే చోట పనిచేస్తాం. విమానం ఎక్కబోయేవాళ్ళ చేతిసంచులు యంత్రంలోంచి వెళ్తుంటే తెర మీద చూసేది నేను. అనుమానం వచ్చిన సంచిని బల్ల మీదకి లాగి, విప్పి, లోపలున్నది బయటికి తీసేది ఆయన. మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఒకే వరసలో నిలబెట్టకూడదని ఎవరో అన్నారట గానీ, ఆ లెక్కన మా టోంగాలో ఎవరి పక్కన ఎవరినీ నిలబెట్టడానికి ఉండదు. అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు.

జనం మమ్మల్ని తిట్టుకుంటారని తెలుసు. ఆక్లాండ్‌లో ఉన్న కూతురి కోసం తల్లి తీసిన కొబ్బరిపాలు, మనవడికని తాత పట్టిన తేనె, అన్నీ మా బల్ల దగ్గరే ఆగిపోతాయి. వంద మిల్లీలీటర్లు దాటిన సీసా లోపలికి పోకూడదు. అడుగున రెండు చుక్కలే ఉన్నా సరే, సీసా పెద్దదైతే పెద్దదే. ఈ రూలు ఎవరు పెట్టారో మేం చూడలేదు. తిట్లు మాత్రం మా పేరునే వస్తాయి.

ఆయన చిన్నాన్న ఫిలిమోనే ఆక్లాండ్‌లో పోయాడని కబురు వచ్చినప్పుడు మేం ఇద్దరం పనిలోనే ఉన్నాం. పౌలాసి తండ్రి చిన్నప్పుడే పోతే, ఈ చిన్నాన్నే పెంచాడు. పైగా మాలో తండ్రి అన్నదమ్ములందరూ తండ్రులే. అంటే ఆయనకిది రెండోసారి తండ్రి పోవడం. సెలవడిగాడు. ఆ వారమే బయటి దేశం నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారు, మన తనిఖీ వరస సరిగ్గా లేదని వాళ్ళు రాస్తే విమానాలే ఆగిపోతాయి, మనందరి ఉద్యోగాలూ పోతాయి అన్నాడు మా పైఅధికారి కెలెపి. సంతాపానికి నడుముకి చుట్టుకునే చాపైనా కట్టుకుంటానన్నాడు పౌలాసి. దానికీ వద్దన్నాడు. చేతికి నల్లపట్టీ కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

అంత్యక్రియలకి వెళ్ళాల్సిన మనిషి లోసెలి అత్త. పౌలాసికి మేనత్త, పోయినాయనకి అక్క. ఎవా దీవిలో ఉంటుంది. శవం తల దగ్గర కూర్చునే హక్కు ఆమెదే. మాలో మేనత్త అంటే ఏమిటో కోడళ్ళనడగాలి. ఆమె వచ్చి పెరట్లో పంది కావాలంటే తాడు విప్పి చేతికివ్వాలి. చాప నచ్చి చుట్టుకుపోతే నవ్వుతూ చూడాలి. నా పెళ్ళికి మా అమ్మ అల్లిన చాప ఇప్పుడు ఎవాలో ఆమె గదిలో ఉంది. మేనల్లుడు ఆమెకి ఎదురు చెప్పడు, కాదనడు, ఆమె కూర్చుంటే నిలబడి మాట్లాడడు. అలాగని ప్రేమ లేదనను. పౌలాసికి జ్వరమని తెలిస్తే తుఫాను హెచ్చరిక ఉన్నా పడవెక్కి వచ్చిన మనిషి.

విమానానికి ముందురోజు మధ్యాహ్నం పడవ దిగి మా ఇంటికి వచ్చింది. చాపలు, చెట్టుబెరడు కొట్టి చేసిన తాపా బట్టలు పెట్టిన మూటలు వెనకాల మోసుకొచ్చారు. ఒక్క బుట్ట మాత్రం ఒళ్ళోంచి దించలేదు. భోజనాల దగ్గర దాని మీది గుడ్డ తీసి చూపించింది. పాతకాలం గాజు సీసా, మెడదాకా నూనె. అరటినార బిరడా.

"ఫిలిమోనేకి బాగాలేదని తెలిసిన రోజే కొబ్బరి తురిమి ఎండలో పెట్టా" అంది. "మా కొండ మీది చందనం. పూలన్నీ నా పెరట్లోవే. ఒళ్ళంతా పట్టిద్దాం, లేచి కూర్చుంటాడు అనుకున్నా. నూనె దిగేలోపు వాడే వెళ్ళిపోయాడు. ఇప్పుడు తలకి రాసి పంపించాలి, అంతే."

ఆ వాసన ఇప్పటికీ చెప్పలేను. ఇంట్లో ఎవరో తోట విప్పి పరిచినట్టుంది.

పౌలాసి వైపు చూశాను. చామాకుల్లో ఉడికించిన మాంసం విప్పుకుంటూ తలెత్తలేదు. నేనే అన్నాను.

"అత్తా, దాన్ని పెద్దమూటలో పెట్టేద్దాం. తాపా బట్టలో గట్టిగా చుట్టి నేను సర్దుతా, పగలదు. చేతిలో అయితే రానివ్వరు."

"ఎవరు రానివ్వనిది?"

"రూలత్తా. పెద్ద సీసా చేతిలో పోనివ్వరు."

"పోయినవాడి తలకి రాసే నూనెని పదిమంది చెప్పులూ బట్టలూ వేసే చోట కింద పడేయమంటావా, మేలెనైటే? మీ ఊళ్ళో అలాగే చేస్తారేమో." తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఏరా, నీ పెళ్ళాం ఏదో అంటోంది. నువ్వేమంటావ్?"

అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. 'అవునత్తా, పెద్దమూటలో పెట్టు' అంటే చాలు.

"ఇంకో ముక్క వేసుకో అత్తా, ఏం తినలేదు నువ్వు" అన్నాడు పౌలాసి.

అత్త ఆయన్ని కాసేపు చూసింది. బుట్ట మీద గుడ్డ కప్పేసింది.

పెరట్లో గిన్నెలు కడుగుతూ పట్టుకున్నాను ఆయన్ని. "నోరు పడిపోయిందా? రేపు ఆ బల్ల దగ్గర ఉండేది నువ్వే కదా!"

"మేనత్తకి నేనెలా చెప్తానే? నువ్వు చెప్పావుగా."

"నా మాటకి ఆవిడ దగ్గర విలువెంతో నీకు తెలీదూ?"

"రేపు కెలెపి నన్ను బయట నిలబెడతాడేమో. ఎవరో ఒకరు చూసుకుంటారులే" అన్నాడు. ఆ 'ఎవరో ఒకరు' వినగానే నాకు ఒళ్ళు మండింది. అయినా మర్నాడు అత్త బుట్టలోంచి సీసా తీసి మూటలో దాచేంత ధైర్యం నాకూ లేకపోయింది.

మర్నాడు కెలెపి ఆయన్ని బయట నిలబెట్టలేదు.

తనిఖీకి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన గుమ్మం దగ్గర ఉన్నాడు. ఇంకొకాయన, పొడుగాటి తెల్లాయన, సరిగ్గా నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను చూసే తెరే ఆయనా చూస్తున్నాడు. మర్యాదగల మనిషే. నా మెడ మీద ఆయన ఊపిరి తగలకుండా కాస్త దూరంగానే నిలబడ్డాడు. ఆక్లాండ్ విమానానికి వరస పెద్దదిగానే ఉంది. సగంమంది ఫిలిమోనే అంత్యక్రియలకి వెళ్ళే చుట్టాలే. నల్లబట్టలు, నడుముకి చాపలు. వాళ్ళ మధ్యలో అత్త, సన్నటి అల్లికతో ఉన్న పాత చాప కట్టుకుని, తల నిటారుగా పెట్టుకుని వచ్చింది. బుట్టని తనే యంత్రం పట్టీ మీద పెట్టింది. మా వైపు చూసి చిన్నగా తలూపింది, ఇంటికి వచ్చినట్టు.

తెర మీద బుట్ట వచ్చింది. బైబిలు, కళ్ళజోడు, మడత పెట్టిన బట్ట, దాని మధ్యలో నిలువుగా సీసా. చిన్నపిల్లలకి చూపించినా సీసా అంటారు. నా వేలు బటను మీద ఉంది. వెనకాల తెల్లాయన కాస్త ముందుకి వంగాడు. పట్టీ ఆపాను.

పౌలాసి బుట్ట తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఎవరి సంచి అయినా సరే, విప్పేముందు అడగాల్సిన మాట ఒకటుంది. నోటికి వచ్చేసిన మాట. ఆయన నోటి నుంచి అదే వచ్చింది.

"ఈ సంచి ఎవరిదండీ?"

"నీ మేనత్తదిరా" అంది అత్త. "కళ్ళు కనపడట్లేదా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పౌలాసి సీసా బయటికి తీసి బల్ల మీద పెట్టాడు.

"అత్తా, ఇది పోనివ్వడానికి లేదు."

"లోపల పెట్టు."

"అత్తా..."

"లోపల పెట్టరా. వాళ్ళు నా తమ్ముడి పెట్టె మూసేలోపు చేరాలి నేను."

కెలెపి వచ్చాడు. అతనిది కూడా ఎవా దీవే, అత్త ఎవరో, ఆ నూనె దేనికో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. సీసాని ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి భయం. "నీ అత్తేగా, నువ్వే చెప్పి ఒప్పించు పౌలాసీ" అని గొణిగాడు. తర్వాత అత్తతో, చేతులు కట్టుకుని, "అమ్మా, లోపల దుకాణంలో ఇదే నూనె అమ్ముతారు. పూల వాసనదే. అక్కడ కొన్నదైతే ఎంత పెద్ద సీసా అయినా తీసుకెళ్ళొచ్చు" అన్నాడు.

"ఆ నూనె ఎవరు ఏడుస్తూ తీశారు కెలెపీ?" అంది అత్త.



వరసలో వెనకున్న ఒక తెల్లావిడ, మంచి మనసుతోనే, తన సంచిలోంచి ఖాళీ అయిన బుల్లి షాంపూ సీసా తీసి ఇవ్వబోయింది. ఇందులో పోసుకోండి అని సైగ చేసింది. అది వంద మిల్లీలీటర్లలోపే, రూలు ఒప్పుకుంటుంది. నేను కుర్చీలోంచి లేచాను కూడా. "అత్తా, కాస్తయినా వెళ్తుంది, తలకి సరిపోతుంది, పోస్తానుండు" అన్నాను.

"వాసన చూశావా దాన్ని?" అంది అత్త నా వైపు తిరక్కుండానే. "ఫిలిమోనే ఎవరి తలస్నానం వాసనో వేసుకుని దేవుడి దగ్గరికి వెళ్ళాలా?"

తెల్లాయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఇంతసేపు ఎందుకవుతోందని. కెలెపి మెడ పక్కన చెమట. "కానివ్వు పౌలాసీ" అన్నాడు.

పక్కనే పెద్ద నీలం డబ్బా ఉంటుంది, తీసుకున్నవన్నీ అందులోకే. పౌలాసి సీసా మెడ పట్టుకుని దాని వైపు ఒక అడుగు వేశాడు.

"ఆగు" అంది అత్త. గొంతు పెంచలేదు. "నేను చేసిన నూనె నేనే పారబోస్తా. అంత మాత్రం ఒప్పుకుంటుందా మీ రూలు?"

ఒప్పుకుంటుంది. కావాలంటే మనిషి తనే పారేసుకోవచ్చు. కెలెపి బతుకుజీవుడా అన్నట్టు తలూపాడు. పౌలాసి సీసా రెండు చేతులతో అందించాడు. పెద్దవాళ్ళకి ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు.

అత్త అరటినార బిరడా తీసింది. వాసన గదంతా అలుముకుంది.

"తల వంచరా."

వంచాడు. ఎందుకని అడగలేదు. మేనత్త వంచమంటే వంచడమే.

ఆమె సీసా ఎత్తి ఆయన నడినెత్తి మీద పోసింది. తొందరేం లేదు. ఎడమచేత్తో నుదురు మీదికి, చెవుల వెనక్కి, మెడ మీదికి దువ్వుతూ పోసింది, పిల్లాడికి తలంటినట్టు. నూనె యూనిఫాం మీదికి కారింది, నల్లపట్టీ మీదికి కారింది, బల్ల మీదికి కారింది. పోస్తూ పాడింది. పోయినవాళ్ళ తల దగ్గర కూర్చుని మా ఆడవాళ్ళు పాడేది. "నిద్రపో నాయనా, నిద్రపో. కళ్ళు మూసుకో. దారి చల్లగా ఉంటుంది. నీ వాళ్ళు ఎదురొస్తారు, నిద్రపో."

అప్పటిగ్గానీ నాకు అర్థం కాలేదు ఆమె ఏం చేస్తోందో. ముసలివాళ్ళకి ముందే అర్థమైంది. వరసలో ఒకరి తర్వాత ఒకరు నేల మీద కూర్చుండిపోయారు, శవం ముందు కూర్చున్నట్టు. ఒకావిడ వెక్కివెక్కి ఏడవడం మొదలెట్టింది. షాంపూ సీసా ఇచ్చిన తెల్లావిడ ఏం జరుగుతోందో తెలియక తనూ కూర్చుంది.

నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోవాల్సింది. మొగుణ్ణి బతికుండగా సాగనంపుతుంటే ఏ పెళ్ళాం ఊరుకుంటుంది? నేను కుర్చీ పక్కనే నిలబడి చూశాను.

సీసా ఖాళీ అయ్యాక దాన్ని చాప అంచుతో తుడిచింది.

"ఖాళీ సీసా తీసుకెళ్ళొచ్చా? దానికీ ఏదైనా రూలుందా?"

"తీసుకెళ్ళొచ్చు" అన్నాడు పౌలాసి, తల ఎత్తకుండా.

బుట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నేల జారుడుగా ఉందని కెలెపి నన్ను తుడవమన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాను. పౌలాసి కొత్త తొడుగులు వేసుకుని తర్వాతి సంచి అందుకున్నాడు. నుదుటి మీంచి నూనె కళ్ళలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ "ఈ సంచి ఎవరిదండీ?" అని అడిగాడు. ఆ సంచి మనిషి జవాబు చెప్పకుండా ఆయన నెత్తి వంకే చూశాడు.

సాయంత్రం కెలెపి వచ్చి, తనిఖీలో మా వరసకి మంచి పేరు వచ్చిందని చెప్పాడు. సొంత మనిషి అయినా సడలించలేదని తెల్లాయన మెచ్చుకున్నాడట. "ఉద్యోగాలు నిలబడ్డాయి పౌలాసీ, నీ వల్లే" అని భుజం తట్టబోయి, నూనె చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికి వచ్చాక తల నేనే కడిగాను. సబ్బు మీద సబ్బు పెట్టి రుద్దాను. పోయిందో లేదో చెప్పలేను, నా ముక్కుకి పూలవాసన వస్తూనే ఉంది. ఆదివారం చర్చిలో మా బల్ల మీద మేమిద్దరమే మిగిలాం. ఆయన దగ్గినా తుమ్మినా చుట్టూ తలలు తిరిగేవి, ఇంకా ఉన్నాడా అన్నట్టు. మగాళ్ళు చేరి కవా వేరు రసం తాగే చోట కుర్రాళ్ళు వదిలిపెట్టలేదు. "పౌలాసికేం, ముందే తలంటేశారు. ఇక పడుకోవడమే తరువాయి" అన్నాడట ఒకడు. ఆయన కూడా నవ్వాడట. ఆ నవ్వు గురించి విన్నప్పుడు నాకు వాడి మీద కన్నా ఈయన మీదే కోపం వచ్చింది.

ఆక్లాండ్ సంగతులు ఫోనులో తెలిశాయి. అత్త శవం తల దగ్గర వట్టి చేతులతో కూర్చుందట. తక్కినవాళ్ళు తలా ఒక చిన్న సీసా పట్టుకొచ్చారు, ఇవ్వబోతే తీసుకోలేదట. శవాల సంరక్షణవాళ్ళు మొహానికి అద్దిన పొడితోనే ఫిలిమోనే వెళ్ళిపోయాడు. నూనె ఎందుకు తేలేదని ఆయన పిల్లలడిగితే, "తెచ్చాను. దారిలో ఇంకొకడికి అవసరమైంది" అందట.

తిరిగి వచ్చినప్పుడు మా ఇంటికి రాలేదు. విమానం దిగి నేరుగా రేవుకి వెళ్ళి పడవెక్కింది.

పౌలాసి తిండి తగ్గించేశాడు. చివరికి ఒకరోజు, "ఎవా వెళ్దాం" అన్నాడు. క్షమాపణ అడగడానికి మాకో పద్ధతుంది. పంది, మంచి చాప, కవా వేరు తీసుకుని, ఇఫి చెట్టు ఆకులు మెళ్ళో వేసుకుని వాళ్ళ వాకిట్లో నేల మీద కూర్చోవాలి. లోపలివాళ్ళు వచ్చి ఆకులు తీసేదాకా లేవకూడదు. చాప నాదే. నాకు మిగిలిన ఒక్క మంచి చాప.

వాకిట్లో కూర్చున్నాం. అత్త గుమ్మంలోంచి ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. తండ్రి వరసవాళ్ళు పోతే జుట్టు మేనత్త చేత్తో కత్తిరించుకోవాలని ఆయన అన్నాళ్ళూ కత్తెర తగలనివ్వలేదు. అది చెవుల మీదికి వచ్చి చెమటకి అంటుకుపోయింది. చివరికి ఆమె వచ్చింది. ఆకులు తీసింది.

"లేవండి. ఎండలో కూర్చున్నారెందుకు? లోపలికి రండి" అంది, ఆయన ఒక్కడితోనే.

పౌలాసి మొహం పాలిపోయింది. ఆమె ఆయన్ని 'ఏరా' అనకుండా 'మీరు' అనడం నేనెప్పుడూ వినలేదు.

లోపల కుర్చీ వేయించింది. ఆయన నేల మీద కూర్చోబోతే, "అయ్యో, ఉద్యోగస్తులు, మీరు కింద కూర్చోవడమేమిటి" అంది. కందగడ్డ, కోడి పెట్టింది. దగ్గరుండి వడ్డించింది. పంది బాగుందంది, చాప బాగుందంది. మనసులో ఏమీ లేదు, మరిచిపోండి అంది.

"అత్తా, నా జుట్టు..." అన్నాడు ఆయన.

"మీ ఊళ్ళో మంగలి కొట్లు బోలెడుగా" అంది అత్త. "మంచిగా చేస్తారట."

ఆయన పళ్ళెం ముందు అలాగే కూర్చుండిపోయాడు. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేనిక ఉండబట్టలేకపోయాను. కోడలిగా అనకూడని మాటే.

"అత్తా, ఆ రోజు మా ఇంట్లో నేను చెప్పాను. పెద్దమూటలో పెడదాం అని మొత్తుకున్నాను. వింటే ఇదంతా ఉండేదా? అక్కడ ఆపుతారని నీకు తెలిసీ..."

"చెప్పావు" అంది ఆమె. నాతో మాత్రం పాత గొంతుతోనే. "నువ్వు చెప్పావు మేలెనైటే, వాడు చెప్పలేదు. వాణ్ణి అడిగాను నేను. ఇంట్లో, అన్నం దగ్గర, ముగ్గురమే ఉన్నప్పుడు. వద్దత్తా అంటే పెట్టేసేదాన్ని మూటలో. మేనత్తకి చెప్పడానికి నోరు రాలేదు వాడికి, సరే. మరి అంతమంది ముందు నా తమ్ముడి నూనె మీద చెయ్యెలా వచ్చింది?"

ఆమె లేచి మాకు దారిలో తినడానికి కందగడ్డలు ఆకులో చుట్టి ఇచ్చింది. రేవుదాకా మనిషిని తోడిచ్చింది. అన్ని మర్యాదలూ చేసింది.

తిరుగుప్రయాణంలో సముద్రం బాగా ఎగిరింది. ఎవా పడవ ఎప్పుడూ అంతే. జనం వాంతులకి బాల్చీలు పట్టుకుని కూర్చున్నారు. పౌలాసి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, నేను పక్కన నిలబడ్డాను. ఆమెది పొగరు అందామనుకున్నాను. కెలెపిని తిడదామనుకున్నాను. కానీ ఆమె అన్న మాట నాకూ అంటుకుపోయింది. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్పాల్సిన మాటలన్నీ నాచేత చెప్పించిన మనిషి ఈయన.

రేవు దగ్గర పడుతుంటే అడిగాడు.

"ఎల్లుండి పొద్దున డ్యూటీ నీదా, నాదా?"

"ఇద్దరిదీ" అన్నాను. అని, లోపలికి వెళ్ళి వేరే వాళ్ళ పక్కన కూర్చున్నాను.